చెవికి చేరువైన రేడియో

గోరంట్లలో నాకు మిత్రులొకరు గలరు. ఉపాధ్యాయవృత్తిలో ముప్పది యేండ్లకు పైగా గడపి విశ్రాంతి గైకొనినవారు. ఊరివారందరు ఆయనను నేటికిని అయ్యవారనియే పిలుతురు. రాత్రి తొమ్మిది దాటి ఇంటిలోనివారు పడకలు చేరిన పిమ్మట సంగీతము వినుట ఆయనకు చిరకాలపు అలవాటు. పక్క గదిలో మనుమడు పరీక్షలకు చదువుకొనుచుండును గనుక లౌడ్‌స్పీకరు పెట్టుటకు వీలులేదు. హెడ్‌ఫోను తగిలించుకొని విందురు. ఆ హెడ్‌ఫోను పాతబడినది. అంతకంటె మేలైనది కొనవలెనని కొంత సొమ్ము కూడబెట్టి, ఏది కొనదగునో చెప్పుమని నన్నడిగిరి. “వేరుసెనక్కాయ అమ్మిన దుడ్డు సార్ ఇది. ఇంత పెట్టి కొన్నాక పాట బాగుండకపోతే ఎవరిని అడిగేది?” అని ఆయన మాట.

ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే ఎరిగిన నేలపై, వాన పడిన యేడు పండి, పడని యేడు ఎండిన పంట అమ్మి తెచ్చిన సొమ్ము అది. దానికి జవాబుగా ఒక అంగడి పేరో, ఒక తయారీదారు పేరో చెప్పి ఊరకుండుట నాకు మనస్కరింపలేదు. ఆలోచింపగా నాకొక సంగతి తోచినది. హెడ్‌ఫోనులలో ప్రతి రకమును ఎవరిదో ఒకరి అక్కరకొరకు పుట్టినది. అది ఎవరి అక్కరకు పుట్టినదో తెలిసినచో మన అక్కరకు వచ్చునో రాదో తెలియును. కావున అయ్యవారికి జవాబు చెప్పుటకు ముందు ఈ పరికరము యొక్క పూర్వకథను ఒకమారు తిరుగవేయుట మేలు.

హెడ్‌ఫోను పుట్టినది పాట వినుటకు కాదు, ఉద్యోగము చేయుటకు. 1880ల దశకములో అమెరికాలో టెలిఫోను కేంద్రములందు పనిచేయువారు రెండు చేతులతోను తీగలు కలుపవలసి యుండెను. చెవియొద్ద పట్టుకొనుటకు మూడవ చేయి లేదు. అందులకై ఎజ్రా గిల్లిలాండ్ అను ఆయన ఒక్క చెవికి మాత్రమే తగులునట్టి పరికరమును అమర్చెను. దాని బరువును తల మోయజాలదు గనుక భుజముపై ఆన్చుకొనవలసి వచ్చెడిది. అది సుఖమునకు చేసినది కాదు; చేతులు ఖాళీ చేయుటకు చేసినది.

ఆ కాలముననే మరియొక దారి తెరచుకొన్నది. 1881లో పారిస్ నగరమున జరిగిన విద్యుత్ప్రదర్శనమున క్లెమాన్ అదేర్ అను ఇంజనీరు సంగీత నాటకశాల వేదికపై వరుసగా శబ్దగ్రాహకములను అమర్చి, వాని నుండి తీగలను ప్రదర్శనశాలకు తెచ్చెను. వినవచ్చినవారు రెండు చెవులకు రెండు గొట్టములు ఆనించుకొనిరి. ఒక చెవికి వేదిక ఎడమవైపు ధ్వని, రెండవ చెవికి కుడివైపు ధ్వని వచ్చునట్లు ఏర్పాటు. గాయకుడు వేదికపై ఇటునుండి అటు నడచినచో ఆ నడక చెవికి తెలిసెనట. నేడు మనము స్టీరియో అనునది అదియే. ఈ ఏర్పాటు 1890లో పారిస్‌లో చందాదారుల వ్యాపారముగా మారినది. 1895లో లండన్‌లోను అట్టిదే మొదలైనది. నాటకశాలకు పోకుండ ఇంట కూర్చుండి నాటకము వినుట ధనికులకు వేడుకయైనది. రేడియో వచ్చిన పిమ్మట ఈ వ్యాపారములు క్రమముగా మూతపడినవి. ఇంట కూర్చుండి చెవికి దగ్గరగా సంగీతము వినవలెనన్న కోరిక రేడియోకంటె పెద్దదని దీనివలన స్పష్టమగుచున్నది.

మూడవ అక్కర సముద్రముపై పుట్టినది. నౌకలలోని వైర్‌లెస్ ఉద్యోగులు దూరము నుండి వచ్చు సన్నని సంకేతములను గాలివానల రొదలో ఏరుకొనవలసి యుండెను. అమెరికాలో యూటా రాష్ట్రమునకు చెందిన నాథానియల్ బాల్డ్విన్ అను ఆయన మిక్కిలి సూక్ష్మమైన ధ్వనిని గూడ పట్టగల జంట గొట్టములను తయారుచేసి, 1910లో ఆ దేశపు నౌకాదళమునకు పంపెను. పరీక్షించి చూచి వారు మెచ్చిరి, మరిన్ని కావలెనని అడిగిరి. ఆయన వానిని తన వంటయింటిలో చేతితో చేయుచున్నందున ఒక్కసారి పది జతలకు మించి చేయలేకపోయెను. తలపై వంగిన పట్టీ, రెండు చెవులపై రెండు గిన్నెలు అను నేటి రూపము చాలవరకు ఆ వంటయింటిలో దిద్దుకొన్నదే.

ఆ కాలపు సాధారణ హెడ్‌ఫోను గుణమేమో గుర్తింపవలెను. లోపల అయస్కాంతము, దానిపై వెండ్రుక వంటి సన్నని రాగితీగ వేలాది చుట్లు, ఎదుట ఒక పలుచని ఇనుపరేకు. తీగలో విద్యుత్తు హెచ్చుతగ్గులైనపుడు రేకు కంపించును. తీగ చుట్లు ఎక్కువగుటచే దాని విద్యున్నిరోధము వేల ఓములలో నుండెడిది. అందువలన అత్యల్పమైన విద్యుత్తుతోనే పలికెడిది. కాని ఇనుపరేకునకు స్వభావసిద్ధమైన ఒక మ్రోత గలదు. ఆ మ్రోతకు దగ్గరి స్వరములు గట్టిగా, తక్కినవి పేలవముగా వినవచ్చును. టక్కు టక్కు మను సంకేతమునకు అది చాలును, వీణకు చాలదు. సూక్ష్మముగా వినుటయు, యథార్థముగా వినుటయు రెండు వేరు గుణములు. ఈ భేదమును మరచిన కొనుగోలుదారు నేటికిని మోసపోవుచునే యున్నాడు.

ఇక రేడియో కాలము. వాల్వులు ఖరీదైన ఆ తొలినాళ్ళలో సామాన్యులకు అందుబాటైనది క్రిస్టల్ సెట్టు. సీసపు ఖనిజమైన గెలీనా తునకపై సన్నని తీగ కొనను ఆనించి, ఇటునటు కదలించుచు, ధ్వని పలుకు చోటును వెదకవలెను. ఈ గెలీనా స్ఫటికమునకు విద్యుత్తరంగములను కనిపెట్టు శక్తి గలదని చూపి, 1901లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1904లో అమెరికాలో దానిని పొందినవారు మన జగదీశ్‌చంద్ర బోస్. క్రిస్టల్ సెట్టునకు బ్యాటరీ లేదు, కరెంటు లేదు. ఆకాశము నుండి వచ్చు తరంగము మోసికొనివచ్చిన శక్తియే చెవియొద్ద రేకును కదలింపవలెను. అందుచేత బాల్డ్విన్ వంటివారి సూక్ష్మమైన హెడ్‌ఫోను లేనిదే క్రిస్టల్ సెట్టు లేదు. పాశ్చాత్య దేశములలో ఇంటిల్లిపాదికి ఒక్క జతయే యున్నపుడు, దానిని పింగాణి గిన్నెలో పెట్టి, గిన్నె చుట్టు చెవులు చేర్చి వినెడివారట. ఒంటరిగా వినుటకు చేసిన పరికరమును గూడ నలుగురు పంచుకొనుటకు చేసిన ప్రయత్నమది.

మన వైపు ఈ కథ మద్రాసులో మొదలైనది. సి. వి. కృష్ణస్వామి చెట్టి మొదలగు ఔత్సాహికులు 1924 మే నెలలో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి, జూలై 31వ తేదీన ప్రసారము ప్రారంభించిరి. ధనాభావముచే 1927లో ఆ క్లబ్బు మూతపడినది. దాని ప్రసారయంత్రము మద్రాసు నగరపాలక సంస్థకు చేరినది. ఆ సంస్థ 1930 ఏప్రిల్ 1 నుండి తిరిగి ప్రసారము నడపి, సముద్రతీరమున, ఉద్యానవనములలో లౌడ్‌స్పీకర్లు పెట్టించి, సాయంకాలము గాలికి వచ్చిన ప్రజలకు పాట వినిపించెను. 1938 జూన్ 16న అఖిల భారత రేడియో మద్రాసు కేంద్రము వెలసినది. అందుండి తెలుగు ప్రసారములు వినవచ్చుచుండెను. హైదరాబాదులో 1935లో నిజాం ప్రభుత్వము రేడియో కేంద్రమును చేపట్టినది; అది 1950 ఏప్రిల్ 1న భారత ప్రభుత్వ పరమైనది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము ప్రారంభమైనది.

గోరంట్ల ప్రాంతమునకు వీనికంటె దగ్గరి కథ మైసూరులో నడచినది. 1935లో మహారాజా కళాశాల ఆచార్యులు ఎం. వి. గోపాలస్వామి తమ ఇంటనే 30 వాట్ల చిన్న యంత్రముతో ప్రసారము ఆరంభించిరి. ఆకాశవాణి యను పేరు ఆ కేంద్రమునకు పెట్టినదే. 1950ల దశకములో అది దేశమునకంతకు పేరైనది. ఆ కళాశాలలోనే ఆ కాలమున తెలుగు బోధించుచుండినవారు అనంతపురము జిల్లా రాళ్ళపల్లిలో 1893లో జన్మించిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు. సాహిత్యమునను సంగీతమునను సమానముగా ప్రకాశించి, పిమ్మట తిరుపతిలో అన్నమాచార్యుల సంకీర్తనలకు స్వరరచన చేసి, 1974లో సంగీత కళానిధి బిరుదమందినవారు. మైసూరు కేంద్రము 1955లో బెంగళూరునకు తరలినది. గోరంట్లకు బెంగళూరు నూరు కిలోమీటర్లకు కొంచెము పైబడిన దూరము. విజయవాడయో, అంతకు ఎన్నో రెట్లు. సరిహద్దు దగ్గరి తెలుగు ఇండ్లలో కన్నడ సంగీతమునకు చెవి అలవడుటకు ఇదియు నొక కారణము.

ఇచట ఒక విశేషము గమనింపదగినది. క్రిస్టల్ సెట్టుతో హెడ్‌ఫోను పెట్టుకొని వినుట అను దశ గోరంట్ల వంటి ఊళ్ళను తాకక, పక్కగా తొలగిపోయినది. కారణము నేలలోనే గలదు. క్రిస్టల్ సెట్టునకు ఎత్తయిన ఏరియలు ఒకటి, తడినేలలో దిగిన ఎర్తు ఒకటి తప్పక కావలెను. పొడినేల విద్యుత్తును సరిగా ప్రసరింపనీయదు. ఎర్తు గొట్టము మొదట ఉప్పు వేసి నీరు పోయుట రేడియో వాడువారి పాత అలవాటు. త్రాగునీటికే బావుల చుట్టు తిరుగు చోట గొట్టము మొదట నీరు పోయు వారెవరు? అంతియే కాదు. మధ్యతరంగములు పగటిపూట నేలనంటి పయనించును. సముద్రముపైనను, తడిసిన డెల్టా భూములపైనను అవి చాల దూరము పోవును. ఎండిన రాతినేలపై త్వరలోనే క్షీణించును. మద్రాసు క్లబ్బువారి స్వల్పశక్తి ప్రసారము కొలది మైళ్ళకు మించి క్రిస్టల్ సెట్టులో పలుకునది కాదు. కావున కృష్ణా తీరమున వినవచ్చినంత సులభముగా చిత్రావతి తీరమున రేడియో వినరాలేదు.

రాత్రి మాత్రము పరిస్థితి మారును. సూర్యాస్తమయమైన పిమ్మట ఆకాశమున మీది పొరలు మధ్యతరంగములను తిరిగి నేలకు పంపును. పగలు వినబడని దూరపు కేంద్రములు రాత్రి వినవచ్చును. ఒకప్పుడు దగ్గరకు వచ్చినట్లు, మరియొకప్పుడు దూరమైపోయినట్లు ధ్వని హెచ్చి తగ్గుచుండును. పీఠభూమిలోని శ్రోతకు రాత్రియే రేడియోకాలమగుటకు ఇది కారణము. అయ్యవారి రాత్రి అలవాటు ఆయన ఒక్కరిది కాదు. అది ఆ నేల నేర్పిన అలవాటు.

ఆ ఊళ్ళకు రేడియో తీరా వచ్చునప్పటికి వాల్వుసెట్టుగా, లౌడ్‌స్పీకరుతోనే వచ్చినది. పలుచోట్ల పంచాయతీ రేడియోయే మొదటి రేడియో. 1956లో పుణె ప్రాంతమున 150 గ్రామములలో యునెస్కో సహాయముతో రేడియో గ్రామీణ గోష్ఠులను పరీక్షార్థము నడపి, 1959 నుండి ఆ పద్ధతిని దేశమంతట విస్తరించిరి. వ్యవసాయ ప్రసంగమును నలుగురు కూడి విని, విన్నదానిని చర్చించుట దాని ఉద్దేశము. రచ్చకట్టపై కూర్చుండి విన్న తరమువారికి రేడియో అనగా పదిమంది చెవులకు ఒక్కసారి చేరు గొంతు. వానజాడ చెప్పినను, పాట పాడినను అందరికి కలిపియే. ఐరోపాలో రేడియో ఒంటరి చెవితో మొదలై గుంపునకు చేరినది. మన పీఠభూమిలో గుంపుతో మొదలై ఒంటరి చెవికి చేరినది.

ఆ ఒంటరి చెవికి తొలిమెట్టు ట్రాన్సిస్టరు. 1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కనుగొనబడిన ఆ చిన్న వస్తువు, 1960ల దశకము నుండి మన పల్లెలకు రేడియోను చంకలోనికి తెచ్చినది. కడపలో 1963లో ఆకాశవాణి కేంద్రము వెలసి, రాయలసీమకు సొంత గొంతు కలిగినది. తరువాత అనంతపురములోను ఎఫ్.ఎం. కేంద్రము ఏర్పడినది. తోలుసంచిలోని ట్రాన్సిస్టరుతో పాటు పలుమారు ఒక్క చెవికి పెట్టుకొను చిన్న గొట్టము వచ్చెడిది. క్రికెట్టు వ్యాఖ్యానమును పెద్దలకు తెలియకుండ వినుటకు అది పిల్లలకు పరమసాధనము. సంగీతమునకు మాత్రము అది పనికిరానిది.

మేలైన సంగీతశ్రవణమునకు తగిన హెడ్‌ఫోను వేరుదారిలో పెరుగుచు వచ్చినది. 1937లో బెర్లిన్‌లో ఓయ్‌గెన్ బైయర్ సంస్థ ఇనుపరేకును వదలి, తేలికైన పొరకు తీగచుట్టను అంటించి అయస్కాంతముల నడుమ కదలించు పద్ధతిని హెడ్‌ఫోనునకు తెచ్చినది. లౌడ్‌స్పీకరు పనిచేయు పద్ధతియే ఇది. నేటి హెడ్‌ఫోనులలో అత్యధికము దీని సంతతి. 1958లో అమెరికాలోని మిల్వాకీ నగరమున జాజ్ సంగీతప్రియుడైన జాన్ కాస్, మార్టిన్ లాంగె అను ఇంజనీరుతో కూడి స్టీరియో రికార్డులు వినుటకు ప్రత్యేకముగా హెడ్‌ఫోను చేసెను. అంతవరకు ఉద్యోగి తలపై నుండిన పరికరము నాడు రసికుని తలపైకెక్కినది. 1960లో జపాను నుండి స్టాక్స్ సంస్థవారి స్థిరవిద్యుత్ హెడ్‌ఫోను వెలువడినది. మిక్కిలి పలుచని పొరతో మిక్కిలి సూక్ష్మముగా పలుకును గాని దానికి ప్రత్యేక విద్యుద్యంత్రము కావలెను.

1968లో జర్మనీలో సెన్‌హైజర్ సంస్థ హెచ్.డి. 414 అనుదానిని విడుదల చేసినది. అంతకు పూర్వము గిన్నెలు మూసియుండి చెవులను బంధించెడివి. దీనిలో వెనుకభాగము తెరచియుండుటచే ధ్వని తలలో ఇరుకుగా గాక వెలుపల పరచుకొన్నట్లు తోచును. బరువు తక్కువ, చెవికి ఉక్క తక్కువ. కాని వినువాని పాట పక్కవానికిని, పక్కవాని మాట వినువానికిని వినబడును. 1979 జూలై 1న జపానులో సోనీ వాక్‌మన్ వచ్చినది. దానితో వచ్చిన హెడ్‌ఫోను సుమారు 50 గ్రాములు మాత్రమే తూగెడిది. దానితో హెడ్‌ఫోను ఇల్లు విడిచి వీథిలోనికి నడచినది.

పరిసరపు రొదను అణచు హెడ్‌ఫోనుల కథలో మనవారి రక్తసంబంధమున్నది. స్వాతంత్ర్యోద్యమమున పాల్గొని అమెరికాకు వలసపోయిన బెంగాలీ నోనీ గోపాల్ బోస్ కుమారుడు అమర్ గోపాల్ బోస్. ఆయన 1978లో ఐరోపా నుండి అమెరికాకు విమానమున పోవుచు, ఇచ్చిన హెడ్‌ఫోనులో యంత్రపు రొదవలన పాట వినరాక, అచటనే కాగితముపై లెక్కలు వేసికొనెను. వచ్చు రొదకు సరిగా ఎదురైన ధ్వనిని పుట్టించినచో రెండును రద్దగునని ఆయన ఊహ. పదునొకండేండ్ల శ్రమ తరువాత, 1989లో వైమానికులకొరకు అది వస్తువుగా వెలువడినది. విమానములోని ఎడతెగని మంద్రమైన రొదకొరకు పుట్టినది గనుక అట్టి రొదపైననే దాని ప్రతాపమధికము.

ఈ కథ అంతయు విని అయ్యవారు, “అయితే నాదే అక్కర సార్?” అనిరి. సరియైన ప్రశ్న అది. గోరంట్లలో రాత్రి తొమ్మిది తరువాత విమానపు రొద లేదు. వీథి సద్దుమణిగియుండును. కావున రొద అణచు యంత్రమునకు వెలపెట్టుట వృథా. వెనుక తెరచిన రకము ఆయనకు సుఖము. వేసవి రాత్రులలో చెవి ఉడుకదు. దానినుండి వెలువడు సన్నని ధ్వని తలుపు వేసిన పక్క గదికి చేరదు. అదే గదిలో మరియొకరు పడుకొనినచో మాత్రము మూసిన రకమే తగును.

రెండవ ప్రశ్న, దేనికి తగిలించి విందురని. ఆయన వినునది ఫోనుకు తగిలించి. స్టూడియోలకై చేసిన మేలురకములు కొన్ని 250, 300 ఓముల నిరోధము గలవి. ప్రత్యేకమైన యాంప్లిఫయరు లేనిదే ఫోనుకు సరిగా లొంగవు. చేసిన సొమ్మంతయు పెట్టి అట్టిది కొని, పాట నీరసముగా నున్నదని నిందించువారు కలరు. ఫోనుతో వినువారికి 32 ఓములకు సమీపమున నుండి, కొద్ది విద్యుత్తుకే గట్టిగా పలుకునది తగినది.

మూడవది, వినునదేమి? మధ్యతరంగ ప్రసారమున కేంద్రమునకు కేంద్రమునకు నడుమ 9 కిలోహెర్ట్‌జుల ఎడము మాత్రమే. అందులో సుమారు 5 కిలోహెర్ట్‌జుల వరకు గల స్వరములే ఇమిడివచ్చును. ఎఫ్.ఎం.లో 15 కిలోహెర్ట్‌జుల వరకు వచ్చును. పంపని స్వరమును ఎంత ఖరీదైన హెడ్‌ఫోనును వినిపింపజాలదు. పైపెచ్చు పాత రికార్డులోని గీరుడును, ప్రసారములోని సరసరను ఇంకను స్పష్టముగా వినిపించును. పాత నాదస్వరమును, పాత నాటకమును ప్రేమించువారికి మిక్కిలి పదునైన హెడ్‌ఫోను శత్రువగుటయు కలదు.

వెల విషయమున ఒక పరిశోధన పేర్కొనదగినది. 2017లో యెరూన్ బ్రేబార్ట్ అను శాస్త్రజ్ఞుడు 283 హెడ్‌ఫోనులను కొలిచి చూచి, స్వరముల హెచ్చుతగ్గుల తీరునకును వాని వెలకును సంబంధము కానరాదని ప్రకటించెను. కట్టడము, సౌఖ్యము, మన్నికలలో వెల తేడా చూపవచ్చును. ధ్వనికి మాత్రము వెలను సాక్ష్యముగా తీసికొనరాదు. కావున చెవితోనే పరీక్షింపవలెను. తనకు కంఠస్థమైన ఒక పాటను వెంట తీసికొనిపోవలెను. తంబురా జీవాళి మొదటి నుండి కడవరకు తెగక వినవచ్చుచున్నదా? మృదంగపు ఎడమవైపు గుంభనముగా పలుకుచున్నదా, లేక ఉబ్బి గాత్రమును ముంచుచున్నదా? గాయకుని ఊపిరి తెలియుచున్నదా? ఈ మూడు చాలును. పోల్చునపుడు రెండింటి గట్టితనము సమానము చేయవలెను. ఏది గట్టిగా పలికిన అదియే మేలని భ్రమపడుట మానవచెవి స్వభావము.

కాని అయ్యవారిని వేరొక ప్రశ్న ముందుగా అడుగవలసి వచ్చినది. పాతదానిలో ఏమి లోపమని అడుగగా, “తాళాలు వినపడటం లేదు, మాటలో స, శ తేడా తెలియదు,” అనిరి. హెడ్‌ఫోను పాతబడిన మాత్రమున అట్లు కానక్కరలేదు. వయసు పైబడుకొలది చెవి మొట్టమొదట పైస్వరములనే కోల్పోవును. కొనుటకు ముందు చెవులను పరీక్ష చేయించుకొనుడని కోరితిని. ఆయన కొంత చిన్నబుచ్చుకొనినను, హిందూపురము పోయి చేయించుకొనిరి. ఎడమచెవిలో పైస్వరములు చాలవరకు తగ్గినవనియు, కుడిచెవి పరవాలేదనియు తేలినది. ఆ లోపమును పూడ్చుటకు ఆయన రాత్రులలో ధ్వనిని ఏటికేడు హెచ్చించుచు వచ్చెననియు తెలిసినది.

ఇది తేలికగా తీసికొనదగిన సంగతి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన ప్రమాణము ప్రకారము పెద్దలు 80 డెసిబెళ్ళ ధ్వనిని వారమునకు 40 గంటలు వినవచ్చును. 3 డెసిబెళ్ళు హెచ్చిన ప్రతిమారు ఆ కాలము సగమగును. 90 డెసిబెళ్ళయినచో వారమునకు నాలుగు గంటలు మాత్రమే. పోయిన వినికిడి, ఎండిన చెరువు వలె ఒక వానతో నిండునది కాదు. పైస్వరములు వినరాలేదని హెచ్చించుకొనుచు పోయినచో మిగిలినవియు పోవును. మేలైన హెడ్‌ఫోను కొనుటయన గట్టిగా వినునది కొనుట కాదు, మెల్లగా విన్నను అన్నియు తెలియునది కొనుట. అయ్యవారికి ఈ మాట నచ్చినది.

తుదకు జరిగినది చెప్పెదను. ముందుగా పాత హెడ్‌ఫోను చెవిదిండ్లు చినిగియుండుట చూచి వానిని మార్పించితిమి. దిండు చినిగిన మూసిన రకములో మంద్రస్వరములు సందులగుండ కారిపోవును. కొలది సొమ్ముతోనే అది సగము కోలుకొన్నది. పిమ్మట బెంగళూరు పోయినపుడు మూడు రకములు చెవికి పెట్టి చూచి, మధ్యతరగతి వెలలో, వెనుక తెరచినది, తేలికైనది, తీగయు దిండ్లును విడిగా దొరకునది ఒకటి కొనిరి. అన్నిటికంటె ఖరీదైనది ఆయన చెవికి వేరుగా తోచలేదు. కూడబెట్టిన సొమ్ములో సగమునకు పైగా మిగిలినది. దానిలో కొంత చెవివైద్యునియొద్ద మరుసటి పరీక్షకు కేటాయించిరి.

ఇంకొక మార్పును ఆయన తమంత తామే చేసికొనిరి. ఉదయము భక్తిసంగీతమునకు హెడ్‌ఫోను పెట్టరు. వసారాలో రేడియోను లౌడ్‌స్పీకరుపై పెట్టుదురు. కళ్ళాపి చల్లు కోడలును, పాలు పోయవచ్చువాడును, అరుగుపై కూర్చుండు పొరుగువారును విందురు. రాత్రి హెడ్‌ఫోను, ఉదయము లౌడ్‌స్పీకరు. “ఒంటిగా వినేది ఒక రుచి సార్, నలుగురితో వినేది ఇంకో రుచి. ఒకటి ఉందని ఇంకోటి వదులుకుంటామా?” అని వారి మాట.

పారిస్ నాటకశాల తీగలతో మొదలైన కథ చిత్రావతి ఒడ్డున ఒక ముదుసలి చెవికి చేరుటకు నూట నలుబది యేండ్లు పట్టినది. ఆ నడుమ పుట్టిన పరికరములలో ఏది గొప్పదని అడుగుటకంటె, ఏది ఎవరికొరకు పుట్టినదని అడుగుట మేలు. కొనబోవు ప్రతివారును ముందు తమ గదిని, తమ పాటను, తమ చెవిని ఎరిగికొని, అటుపిమ్మట అంగడి మెట్లు ఎక్కుదురు గాక.